రొయ్యకి డాలరు, మనిషికి రుపియా

తూర్పు జావా, సముద్రపు ఒడ్డు నుంచి

అక్కకి,

నీ తమ్ముడు సూర్యం నమస్కారాలతో రాసుకుంటున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని, పాలకొల్లులో ఎండలు మరీ మండిపోవడం లేదని తలుస్తున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? కిందటి ఉత్తరంలో దాని ఊసే లేదు. నువ్వు రాయలేదంటే తగ్గలేదనే నా అనుమానం.

ఇక్కడ వానలు వెనకబట్టాయి. చెరువుల మీద గాలి ఉప్పుఉప్పుగా తగులుతోంది. తిండికి లోటు లేదు. జ్వరం గిరం ఏమీ లేవు. మళ్ళీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను.

బావగారు ఒక మాట అడగమన్నారని రాశావు. మన రూపాయి విలువ తగ్గుతోందని, అలా అయితే ఎగుమతి రొయ్యకి రేటు పెరుగుతుందని ఊళ్ళో అనుకుంటున్నారట. "మనకి మంచిదే కదా, మీ తమ్ముడు అదే పనిలో ఉన్నాడు, కనుక్కో" అన్నారట. ఒక్క ముక్కలో జవాబు రాద్దామని కూర్చున్నాను, కుదరలేదు. ఇక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆయనకి చదివి వినిపించు.

మన వైపు చెరువులన్నీ తెల్లమచ్చ తెగులుతో పోయి, నాకు పని లేకుండా పోయినప్పుడు కదా ఇక్కడ రొయ్యల చెరువులు చూసుకునే పనికి వచ్చాను. ఇక్కడి డబ్బుని రుపియా అంటారు. జీతం అందులోనే మాట్లాడుకున్నాం. మంచి జీతమే. తిండికి, అద్దెకి పోను మిగిలిందంతా టౌనులో బ్యాంకులో వేశాను. ఈ వేసవికి వచ్చేసి, బావగారి చెరువుల పక్కనే రెండు చెరువులు లీజుకి తీసుకుని, మీ కళ్ళముందే ఉండాలని నా ఆశ. అది నీకూ తెలుసు.

ఇంతలో ఈ రుపియా పడడం మొదలుపెట్టింది. మొదట్లో రేడియోలో డాలరు రేటు చెబుతుంటే చెరువుల మీద మావాళ్ళు నవ్వుకున్నారు. "మనమేమైనా డాలర్లు తింటామా ఏంటి!" అన్నాడు స్లామెత్. చెరువులకి నీళ్ళు పెట్టే మనిషి. రోజూ మధ్యాహ్నం గట్టు మీద నా పక్కనే కూర్చుని అన్నం తినేవాడు. నాకు ఇక్కడి భాష నేర్పింది అతనే. తప్పు పలికితే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. రొయ్యల మేత ధర పెరిగింది. తర్వాత మందులు, తర్వాత నూనె, పాలపొడి. స్లామెత్ భార్య చంటిదానికి పాలు మాని గంజి పట్టించడం మొదలుపెట్టింది. నేనుండే ఇంటి యజమానురాలు సుమి గారు (ఇక్కడ పెద్దవాళ్ళని అమ్మా అన్నట్టే పిలుస్తారు, నేనూ అమ్మా అనే అంటాను) సోయా గింజలు పులియబెట్టి, బిళ్ళలు కోసి, వేయించి అమ్ముతుంది. ఆ బిళ్ళలు రోజురోజుకీ పలచబడ్డాయి. "గింజలు ఇక్కడే పండుతాయి కదమ్మా" అన్నాను. "చాలావరకు అమెరికా నుంచి ఓడలో వస్తాయట నాయనా. ఇన్నేళ్ళు వేయించాను, నాకూ ఇప్పుడే తెలిసింది" అంది.

ఆవిడకి ఒకటే కోరిక, మక్కా వెళ్ళి రావడం. భర్త పోయిన దగ్గర్నుంచీ పైసా పైసా కూడబెడుతోంది. ధరలు ఇంకా పెరగకముందే టిక్కెట్టు కొనాలని, తోడు రమ్మంటే నేను టౌనుకి వెళ్ళాను. ఆ ఆఫీసులో కుర్రాడు చాలా మర్యాదగా, "విమానం, అక్కడ బస, అన్నీ డాలర్లలోనే అండి. మీరు దాచుకున్నది సగం దూరానికి కూడా చాలదు" అన్నాడు.

"సగం దూరం వెళ్ళి ఏం చెయ్యను బాబూ?" అంది ఆవిడ. వెటకారానికి కాదు, నిజంగానే అడిగింది.

నా టిక్కెట్టు మాట కూడా అక్కడే అడిగాను. చెరువుల లీజు మాట అటుంచు, నేను దాచిందంతా తీసినా మద్రాసు వరకు కూడా రాలేను. తిరుగు బస్సులో, దిగేముందు ఆవిడ, "నేను ఒక్క రుపియా కూడా పాడు చెయ్యలేదు నాయనా. కదలకుండా ఉన్నచోటే కరిగిపోయింది" అంది.

మా ఓనరు గారికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. రొయ్య జపాను వెళుతుంది, డాలర్లు వస్తాయి, జీతాలు మాత్రం రుపియాల్లో ఇస్తాడు. ఒకరోజు నన్ను పిలిచి, "మీరు వెళ్ళిపోతే నా చెరువులు చూసేవాళ్ళు లేరు. ఈ నెల నుంచి మీ జీతం డాలర్లలో ఇస్తాను. ఎవరికీ చెప్పకండి" అన్నాడు. ఎగిరి గంతేసినంత పని చేశాను అక్కా. మళ్ళీ నీ ఇంటి గుమ్మం కళ్ళముందు కనపడింది.

అలాంటివి దాగుతాయా! స్లామెత్ వచ్చి, "నిజమేనా?" అన్నాడు. నిజమేనన్నాను. మర్నాటి నుంచి తన అన్నం తీసుకుని అవతలి తూము దగ్గర మిగతావాళ్ళతో కూర్చున్నాడు. నా గట్టు మీద నేనొక్కణ్ణే. అన్నం ముద్ద చేతిలోనే ఆరిపోయేది.

చెరువుల్లో రొయ్యలు పట్టే రోజు, పట్టుబడి, దగ్గర పడింది. జీతంతో బియ్యం కూడా రావడం లేదని కొందరు పని మానేశారు. నేను ఓనరు దగ్గరికి వెళ్ళాను. మన నాన్న కోతలప్పుడు కళ్ళంలో నిలబడి కూలి గింజలు కుంచంతో కొలిచేవాడు చూడు, అది చెప్పాను. "మా ఊళ్ళో ధర పెరిగినా తగ్గినా కూలివాడి కుండలో అన్నం తగ్గేది కాదండి. మీరూ జీతంతో పాటు ఇంటికింత అని బియ్యం ఇవ్వండి" అన్నాను.

"నాకేంటి లాభం?" అన్నాడు.

"పట్టుబడికి మనుషులుంటారండి."

నావైపు తిరిగాడు. "మనుషులుంటారు సరే, మీరుంటారా? నాలుగు డాలర్లు చేతికి రాగానే విమానం ఎక్కుతారు. ఇంకో రెండేళ్ళు సెలవు అడగకుండా ఉంటానని సంతకం పెట్టండి, బియ్యం తెప్పిస్తాను."

పెట్టాను అక్కా. అందుకే ఈ వేసవికి రావడం లేదు. డబ్బు లేక కాదు. డాలర్లు కూడబెడితే రాగలిగేవాణ్ణే. నువ్వు కోప్పడతావని తెలుసు. పెన్ను పట్టుకున్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు, అయినా పెట్టాను. రోజూ ఎదురుగా చూసే మనుషులు పస్తులుంటే నేను లెక్కలు వేసుకుంటూ తిరగలేకపోయాను.

బియ్యం వచ్చాయి. పట్టుబడి బాగా జరిగింది. స్లామెత్ వచ్చి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని వంగి, "అయ్యగారూ, మేలు చేశారు" అన్నాడు. ఇదివరకు సూర్యా అని పిలిచేవాడు. "ఇటు రా, కూర్చో" అంటే కూర్చోలేదు. నేను కూర్చునేదాకా నిలబడే ఉంటాడు, తర్వాత వాళ్ళ తూము దగ్గరికి వెళ్ళిపోతాడు. బియ్యం వస్తే మనిషి తిరిగి వస్తాడనుకున్నాను. దణ్ణం వచ్చింది.

బావగారితో ఇలా చెప్పు. రొయ్యకి రేటు వస్తుంది, నిజమే. వెనకాలే మేత, మందులు, డీజిలు కూడా పెరుగుతాయి. రేటు వచ్చిన రోజున సంతోషించమను, తప్పులేదు. ఆ రోజే చెరువు కాపలా వాళ్ళ జీతం సంగతి కూడా ఒకసారి చూడమను. పెద్ద మాట అనుకోవద్దని చెప్పు, చూసినవాణ్ణి గనక రాస్తున్నాను.

ఈసారి ఉత్తరంతో పాటు ఏదైనా తెలుగు పేపరు పంపించు. పాతదైనా, నూనె మరకలున్నా సరే. ద్రాక్షారామం వెళితే నా పేరు మీద అర్చన చేయించు. పెద్దత్తయ్య గారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. ఉన్న డాలర్లలో కొంత సుమి గారికి ఇవ్వబోతే, "నా ప్రయాణం నా సంపాదనతోనే" అని వద్దంది. మళ్ళీ మొదటి నుంచి కూడబెడుతోంది.

మొన్న సాయంత్రం ఆవిడ వాకిట్లో గింజలు ఏరుతూ, "వచ్చిన దగ్గర్నుంచీ నా భాషే మాట్లాడుతున్నావు. నీ భాషలో ఏదైనా చెప్పు, వింటాను" అంది. నోరు తెరిస్తే ఒక్క మాట రాలేదు అక్కా. ఎన్ని నెలలైందో తెలుగు బయటికి పలికి. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాను. వేసవి కదా, మన ఊళ్ళో కాలువలు కట్టేసి ఉంటారని, పిల్లలు బురదలో చేపలు పడుతూ ఉంటారని, నువ్వు డాబా మీద వడియాలు పెట్టి కాకుల్ని తోలుతూ ఉంటావని చెప్పాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను ఆగినప్పుడల్లా ఊ కొట్టింది. దీపాలు పెట్టే వేళయ్యేదాకా మాట్లాడుతూనే ఉన్నాను.

అంతా విని, "ఒక మాట చాలాసార్లు వచ్చింది. అక్క, అక్క అన్నావు. అదేంటి, మీ ఊరి పేరా?" అంది.

అవునన్నాను.

మీ ఇద్దరి దీవెనలే అండగా ఉన్న
తమ్ముడు
సూర్యం