మక్తల్ గొర్రెల సంత ఎవరికి చెందాలి

ముందుగా ఒక సవరణ. పోయిన ఏడాది నా భర్త సంవత్సరీకం నాడు, విస్తళ్ల ముందు కూర్చున్న బంధువులందరూ వింటుండగా, నా కొడుకు గోపీకృష్ణ "అమ్మకు మతి తప్పింది. పింఛనంత క్యాలెండర్ బొమ్మలకే పోసింది" అన్నాడు. ఆ మాటలో రెండు తప్పులున్నాయి.

మొదటిది, నా మతి తప్పలేదు. దవాఖానలో డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్‌ను దీనికి జతపరుస్తున్నాను. ఇవాళ ఏ వారమని ఆయన నన్ను అడిగాడు. సోమవారమని చెప్పి, "మీ గోడ మీద ఇంకా నవంబరే ఉంది నాయనా, తిప్పు" అన్నాను. రెండోది, అలా నెలనెలా తిప్పేదాన్ని క్యాలెండర్ అంటారు. నేను హైదరాబాదు వేలంపాటల్లో కొన్నవి రాతి అచ్చులు, అంటే లితోగ్రాఫులు. చిత్రకారుడు నున్నటి సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో తన చేత్తో గీస్తాడు. ఆ రాతి మీంచి లెక్కగా కొన్ని కాగితాలు అచ్చు తీసి, ప్రతి దాని కింద నంబరు వేసి సంతకం చేస్తాడు. ఆ తరువాత రాయిని అరగదీసి బొమ్మను చెరిపేస్తారు. ఈ పేరా మిగతావాళ్లు వదిలేసినా గోపీ రెండుసార్లు చదవాలి.

కనుక, నల్లగొండ రామగిరి నివాసి, కీర్తిశేషులు పోలేపల్లి లింగస్వామి భార్య, మహిళా డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పి రిటైరైన పోలేపల్లి అమృతమ్మ అనే నేను, డెబ్బై ఆరేళ్ల వయసులో, మోకాళ్లు తప్ప మిగతావన్నీ సక్రమంగా పనిచేస్తుండగా, నా ఇష్టప్రకారం, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ఎవరి ఒత్తిడీ లేదని రాయడం ఆనవాయితీ. ఒత్తిడి చేసినవాళ్లు ఇద్దరున్నారు. నేను లొంగలేదు, అంతే.

1. దీన్ని అమలు చేయవలసింది నా పూర్వ విద్యార్థిని, అడ్వకేట్ సుహాసిని. పరీక్షల్లో యుద్ధాల తేదీలన్నీ తప్పు రాసేది. తప్పని చూపిస్తే, తేదీ కాదు మేడం, కారణం ముఖ్యం అని వాదించి మార్కులు తీసుకునేది. అలాంటి మనిషే కావాలి.

2. రామగిరిలోని ఇంట్లో కింది వాటా గోపీకృష్ణకు, పై వాటా నా బిడ్డ మంజులతకు. పైన ఎండ ఎక్కువ, కింద దోమలు ఎక్కువ, చెల్లుకు చెల్లు. మెట్లు, బోరు, ఇంటి ముందరి జాగా ఇద్దరివీ. ఈ నిబంధన మీద ఇద్దరికీ పేచీ లేదని నాకు తెలుసు. ఇంటి కోసం కొట్లాడని పిల్లలు ఒక కాగితం కోసం కొట్లాడినట్టు నేను పాఠం చెప్పిన ఏ రాజవంశంలోనూ లేదు.

3. నా బంగారు గుండ్లపేరు గోపీ కూతురు నవనీతకు. పెళ్లి కుదిరాక కాదు, ఇది చదివిన రోజే. పెళ్లి చేసుకోనంటే వెనక్కి తీసుకునే హక్కు ఎవరికీ లేదు.

4. నా పట్టుచీరలు, కుట్టుమిషను మా ఇంట్లో వంట చేసే నర్సింగమ్మకు. ఆ చీరలు నాకన్నా ఆమెకే బాగుంటాయి. ఈ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. అని ఉంటే, "మరి కూర గూడ మీకంటె నేనే మంచిగ వండుత అని చెప్పుండ్రి" అనేది. చెప్పవలసి వచ్చేది.

5. క్లాక్‌టవర్ దగ్గర పటాలు కట్టే ఫక్రుద్దీన్‌కు నా భూతద్దం, ఇంకా నేను కొన్న మొట్టమొదటి రాతి అచ్చు. దీని వెనక ఒక పాత కోపం ఉంది. ఆ బొమ్మకు ఫ్రేము కట్టమని ఇస్తే, ఫ్రేములో పట్టలేదని కింది అంచును, సంతకంతో నంబరుతో సహా, కత్తిరించి పారేశాడు. "ఎవరో పోరగాండ్లు పెన్సిల్‌తోటి గీకిండ్రనుకున్న మేడం. సాఫ్ చేసి ఇచ్చిన" అన్నాడు, ఉపకారం చేసినవాడిలా. చాలాకాలం ఆ వీధి మొహం చూడలేదు. ఒకరోజు ఆయనే చెత్తబుట్టలోంచి ఏరిన ఆ కాగితం ముక్కను చేతిరుమాలులో చుట్టుకుని ఇంటికొచ్చాడు. "సంతకం నా దగ్గర దొరికింది, బొమ్మ మీ దగ్గర ఉన్నది. గిప్పుడు కోపం ఎవరి దగ్గర ఉండాలె మేడం?" అన్నాడు. ముక్క అతికించాం. అప్పటి నుంచి కత్తెర తీసే ముందు ప్రతిసారీ "గీకుడు ఉన్నదా మేడం?" అని అడుగుతాడు. అతికించిన బొమ్మను ఏ వేలంలోనూ ముట్టుకోరు. ఆయన గోడకు మాత్రం పనికొస్తుంది. ఆస్తి పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదని సుహాసిని అంది కాబట్టి ఆయన చేత పెట్టించలేదు. ఫక్రుద్దీన్, నొచ్చుకోవద్దు. సంతకం విషయంలో మీకు అంత మంచి పేరు లేదు కూడా.

6. వేలంపాటల కాటలాగులన్నీ మహిళా కళాశాల గ్రంథాలయానికి. వాళ్లు వద్దంటే పాత పేపర్లవాడికి వేయండి, కాని ముందు అడగండి. నా ఫొటోను పెద్దది చేయించి లామినేషన్ వేయించొద్దు. నేను బతికుండగా ఏ కాగితాన్నీ ప్లాస్టిక్‌లో ఊపిరాడకుండా చేయనివ్వలేదు.

7. ఐదో, ఎనిమిదో నిబంధనల్లో చెప్పేవి తప్ప మిగతా రాతి అచ్చులను గోపీ, మంజుల, నవనీత ముగ్గురూ ఈ ఇంటి వరండాలో వేలం పాడుకుని పంచుకోవాలి. డబ్బుతో కాదు, చింతగింజలతో. ముగ్గురికీ సమానంగా గింజలు సుహాసిని పంచుతుంది, చపాతీకర్రతో బల్ల మీద కొట్టేది కూడా ఆమే. ఏదైనా బొమ్మ కావాలనిపిస్తే పాట మొదలయ్యే ముందే పైకి చెప్పాలి, ఎందుకు కావాలో కూడా చెప్పాలి. ఫోన్‌లో పాడటం కుదరదు. ఈ ఇంట్లో అది ఒకసారి జరిగింది, చాలు. ఆ సంగతి కిందే ఉంది.

8. మక్తల్ గొర్రెల సంత.

ముందుగది గోడకు ఇన్నేళ్లు వేలాడిన ఈ బొమ్మ గీసిన మనిషి మక్తల్ వైపువాడే. పేరు బొమ్మ కింద ఉంది, చదువుకోండి. నేను పుట్టిందీ మక్తల్‌లోనే, మా నాయిన ఆ సంతలో గొర్రెల బేరాలు చేసేవాడు. సంత చెదిరిపోతున్న వేళ. గొర్రెల మధ్య ఒక ఆడమనిషి మనకు వీపు పెట్టి కూర్చుని ఉంటుంది. నా భర్త, అంటే మీ బాపు, చాయ్ తాగుతూ రోజూ దానికేసి చూసి, "గామె అచ్చం నీ లెక్కనే ఉన్నదే. వీపు చూస్తేనే సమజైతాంది, బేరం తెగనియ్యది" అనేవాడు.

ఆ చిత్రకారుడు పోయాక, ఈ బొమ్మ అప్పట్లో రికార్డు ధరకు అమ్ముడుపోయిందని గోపీ ఫోన్‌లో ఎక్కడో చదివాడు. వెంటనే వచ్చి, "అమ్మా, గదొక్కటి నాకు రాయి. మిగిలినయన్ని చెల్లెకే ఇయ్యి" అన్నాడు. చెల్లె మీద అంత ప్రేమ అంతకు ముందు చూడలేదు. తరువాత మహబూబ్‌నగర్ నుంచి మంజుల వచ్చి, "అన్న అమ్ముకుంటడమ్మా. బాపు రోజు చూసిన బొమ్మ, నాకే ఉండాలె" అంది. ఇద్దరికీ చాయ్ ఇచ్చాను, జవాబు ఇవ్వలేదు.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక, విలువ కట్టించుకొస్తానని గోపీ దాన్ని గోడ నుంచి దించాడు. మంజుల రెండో అంచు పట్టుకుంది. "ఇడువు అన్నా." "నువ్వే ఇడువు." అద్దం పగిలింది. నర్సింగమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చి, "పగిలిన పటం ఇంట్ల ఉండొద్దమ్మా, జర ఇటియ్యుండ్రి, గుడికాడ పెట్టొస్త" అంది. ఆ గొర్రెలన్నింటినీ చూసి పూజారి ఏమంటాడో అనుకుని నవ్వాను. నవ్వింది నేనొక్కదాన్నే. అద్దంతోపాటు మాటలూ పోయాయి. ఈసారి మంజుల రాఖీ పోస్టులో పంపింది, కవరులో ఇంకొక్క అక్షరం లేదు. గోపీ దాన్ని నా చేత కట్టించుకున్నాడు. కట్టేటప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇప్పుడు ఆ రికార్డు ధర సంగతి వినండి.

2015లో కాటలాగు పోస్టులో వచ్చింది. మక్తల్ సంత ఉన్న పేజీ మూల మడిచి పెట్టుకున్నాను. మీ బాపుకు చెబితే వద్దంటాడేమోనని, రిటైరైన లెక్చరర్ల సమావేశముందని చెప్పి హైదరాబాదు వెళ్లాను. హాల్లో మొదట నలుగురైదుగురు చేతులెత్తారు, కాసేపటికి అందరూ మానుకున్నారు. మిగిలింది నేను, ఒక ఫోన్. అవతలి మనిషి హాలుకు రాకుండా ఫోన్‌లో ధర చెబుతుంటే, వేలం కంపెనీ అమ్మాయి ఒకతె రిసీవరు చెవికి పెట్టుకుని వాళ్ల తరఫున చెయ్యెత్తుతుంది. నేను ఎంతంటే ఆ చెయ్యి అంతకు మించి లేస్తోంది. సోఫా రంగుకు సరిపోయే బొమ్మ కోసం ఎవడో డబ్బున్నవాడు పాడుతున్నాడని నాకు మండింది. మండితే నేను ఆగను. చివరికి ఫోన్ ఆగింది. హాలంతా చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున మా ల్యాండ్‌లైన్ మోగింది. వేలం కంపెనీ అమ్మాయి. "లింగస్వామిగారున్నారా అండీ? నిన్న మక్తల్ సంత మీకు దక్కలేదు, ఇంకో ప్రతి వస్తే తెలియజేస్తాం" అంది. ఆయన పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. రిసీవరు పట్టుకునే, నిన్న నా మీద పాడింది నువ్వేనా అని అడిగాను. సగం మొహం నురగతో తిరిగి చూసి, "నువ్వానే! నేనెవడో బిల్డర్ అనుకుంటి. ఎంత పెంచినా ఇడుస్తలేడు, ఎవడే గీ మొండోడు అనుకున్న" అన్నాడు. నేను మడిచిన పేజీ చూశాడట. పెళ్లిరోజుకు చెప్పకుండా ఇద్దామనుకున్నాడట. ఆర్టీసీ డిపోలో చిట్టీపాటలు పాడిన అనుభవం కదా, తనను మించినవాడు ఉండడనుకున్నాడు.

గోపీ, నువ్వు చదివిన రికార్డు అది. అది ఆ బొమ్మ ధర కాదు. ఒక ఇంట్లో ఇద్దరు మనసులో ఉన్నది ఒకరికొకరు చెప్పుకోకపోతే అయ్యే ఖర్చు. "పిల్లలకు చెప్పకు, నవ్వుతరు" అన్నాడు మీ బాపు. ఇప్పుడు చెప్పాను. నవ్వండి, మీరు నవ్వి చాలా రోజులైంది.

ఇంకా ఉంది. మరుసటి ఏడాది అదే రాతి మీంచి తీసిన ఇంకొక ప్రతి అదే హాలుకు వచ్చింది. ఈసారి ఇద్దరం కలిసే వెళ్లాం. మనకు ఒకటి ఉంది కదా, చూసి వద్దామని నా ఉద్దేశం. పాట మొదలవగానే ఆయన చెయ్యెత్తాడు. మతి ఉందా అని మోచేత్తో పొడిచాను. "ఇద్దరు పిల్లలున్నరు కదనే. ఒకటెట్ల సరిపోతది?" అన్నాడు. ఎదురు ఎవరూ పాడలేదు. అంత తక్కువకు వచ్చిందని సంతోషించాల్సింది పోయి, "గంతేనా? ఇంకెవ్వరు పాడరా?" అని చుట్టూ చూశాడు.

ఆ రెండోది ఇన్నాళ్లూ నా మంచం కింది రేకుపెట్టెలో ఉంది. వెలుతురులో కాగితం పాడవుతుంది, చీకట్లో బతుకుతుంది. మీలో ఎవరైనా అడుగుతారేమో, అప్పుడు చెబుదామని చూశాను. బొమ్మ కింద పెన్సిలుతో స్పష్టంగా రాసి ఉంది, ఇది నలభైలో ఒకటని. మీరిద్దరూ చెరో అంచు పట్టుకుని లాగారు గాని, ఒక్కరూ వంగి చదవలేదు. మిగతా ముప్పై తొమ్మిదీ ఎక్కడున్నాయని ఎవరికీ తోచలేదు.

కాబట్టి మక్తల్ గొర్రెల సంత గోపీకృష్ణకు ఒకటి, మంజులతకు ఒకటి. రెండింటికీ ఒకేరకం ఫ్రేము, కొత్త అద్దం వేయించాను. బాపు బొమ్మ ఏది అని అడగకండి. ఒకదాని కోసం పాడి నా చేతిలో ఓడిపోయాడు, ఇంకొకటి మీ కోసం పాడి గెలిచాడు. రెండింటిలో ఆయనది ఏదో నేనే తేల్చుకోలేకపోయాను. చేతికి ఏది వస్తే అది తీసుకోండి. అమ్మదలిస్తే అమ్ముకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కాని అమ్మే ముందు రెండోవాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్ల అన్నం తిని, ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పాలి.

9. చేయవలసిన పని. రెండు బొమ్మలూ ఫక్రుద్దీన్ దుకాణంలో ఉన్నాయి. ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఒక్కరే వస్తే చాయ్ మాత్రం ఇచ్చి పంపమని చెప్పాను. పాత కాటన్ దుప్పట్లు రెండు తీసుకెళ్లండి. బొమ్మల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి పట్టుకోవాలి, ఒకరు కారు నడిపితే ఒకరు వెనక కూర్చోవాలి.

వెళ్లే ముందు వంటింటి పై అరలో ఒక స్టీలు డబ్బా ఉంటుంది. దాని మీద ఇక్బాల్ బీ అని చెక్కి ఉంటుంది, ఫక్రుద్దీన్ భార్య. రంజాన్‌కు షీర్ ఖుర్మా పంపిన డబ్బా అది. ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు. ఖాళీగా ఇవ్వకూడదు, నర్సింగమ్మను అడిగి మురుకులు నింపండి. మూత బాగా బిగుసుకుంది, ఒక్క మనిషితో రాదు. ఒకరు డబ్బా పట్టుకోవాలి, ఒకరు మూత తిప్పాలి. ఈసారి ఎవరూ విడవకండి.

నల్లగొండ, 2024 డిసెంబరు 12, గురువారం.

(సంతకం) పోలేపల్లి అమృతమ్మ

ఆమె మా ఎదుట సంతకం చేయగా, ఆమె ఎదుట మేము సంతకం చేశాము:

1. డానియల్, విశ్రాంత పోస్టుమాస్టరు, పక్కిల్లు
2. గాలయ్య, లింగస్వామితో ఆర్టీసీ డిపోలో పనిచేసినవాడు