ఆయన ఉండిపోయిన స్టేషను

సింగపూర్, బుధవారం రాత్రి

ఈరోజు నేను మెట్రో రైలెక్కాను, ఆయన ఎక్కేలోపే తలుపులు మూసుకుపోయాయి. పక్కనున్న తమిళావిడ సైగలతో చెప్పినట్టు తర్వాతి స్టేషన్లో దిగి, ఎదురు రైల్లో వెనక్కి వచ్చాను. ఆయన నిలబడ్డ చోటే నిలబడి ఉన్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"హోటల్‌కి వెళ్ళిపోవాల్సిందండీ," అన్నాను.

"దాని పేరు గుర్తు రాలేదే," అన్నారు మెల్లగా.

హోటల్ పేరున్న కార్డు ఆయన జేబులోనే ఉంది. చల్లపల్లిలో మా మిల్లుకి ధాన్యం తోలే రైతులందరి పేర్లూ, వాళ్ళ నాన్నల పేర్లతో సహా చెప్పే మనిషి.

"రేపు పక్షుల పార్కు చూద్దాం," అని ఇందాక పడుకున్నారు. నిన్న రోజంతా అక్కడే తిరిగాం. సరేనండీ అన్నాను. ఊరెళ్ళగానే విజయవాడలో డాక్టరుకి చూపించాలి. ఏమని చెప్పి తీసుకెళ్ళను?