చప్పిడి పత్యం

సీతమ్మధార,
18-6-1983.

ప్రియమైన కామేశ్వరికి,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. జవాబు రాయలేదని అలిగే ఉంటావు. అలుగు గానీ, ముందు సంగతి విను.

గాజువాక అవతల స్టీలుప్లాంటు కూలీల షెడ్లలో పచ్చకామెర్లు పట్టుకున్నాయి. ఆరు రోజుల్లో పద్నాలుగు మంది. దేశమంతటా కామెర్ల లెక్క తీస్తున్నారట. ఒక్కో రోగికి ఒక్కో కార్డు నింపి పైకి పంపాలి. శానిటరీ ఇన్‌స్పెక్టర్లలో చేతిరాత బాగున్నది నాకేనని ఆ పని నా నెత్తిన రుద్దారు. చిన్నప్పుడు దస్తూరీ దిద్దించిన మాస్టార్ని తిట్టుకుంటూ తిరుగుతున్నాను.

కార్డులో ఒక ప్రశ్న ఉంది. గత పది రోజుల్లో ఎక్కడ తిన్నారు, ఏ నీళ్లు తాగారు? పద్నాలుగు మందిలో పదకొండు మంది ఒకే పేరు చెప్పారు. మీ పెద్దమ్మ జోగమ్మ మెస్సు.

మీ అమ్మ పోయాక నిన్ను పెంచిన మనిషి. మన పెళ్లికి వంటంతా ఒంటిచేత్తో చేసిన మనిషి. ఆ పేరు పదకొండుసార్లు నా చేత్తో రాయాల్సి వచ్చింది. ఎవరితో చెప్పుకోను?

మన పిల్ల వరాలు ఎలా ఉంది? మా అమ్మని అడిగానని చెప్పు.

నీ
త్రినాథరావు

*

తగరపువలస,
22-6-1983.

శ్రీవారికి నమస్కారాలు.

బడి తెరిచారు. మూడో తరగతి మళ్లీ నాకే ఇచ్చారు. అత్తయ్య కులాసా. వరాలు కాస్త చిక్కింది. వేసవి కదా, కారం ముట్టుకోవటం లేదు, చప్పిడి అన్నమే తింటోంది. మీరు బెంగపెట్టుకోకండి.

పెద్దమ్మ సంగతి చదివాక అన్నం సయించలేదు. రోజూ అరవై మంది తినే చోట పదకొండు మంది పడితే ఆవిడదేనా తప్పు? ఆ చుట్టుపక్కల తిండి దొరికేది అక్కడే కదా, ఎవర్నడిగినా ఆ పేరే చెబుతారు. చెయ్యి కడుక్కోకుండా ఉప్పు గిన్నె కూడా ముట్టుకోదు మా పెద్దమ్మ. మీకు తెలియదా? మీరే ఆవిణ్ణి కాపాడాలి.

మీ
కామేశ్వరి

*

సీతమ్మధార,
27-6-1983.

ప్రియమైన కామేశ్వరికి,

నిన్న జోగమ్మ మెస్సుకి తాళం వేశాం. వేశాం అనటం ఎందుకు, వేసింది నేనే.

కేసులు ఇరవై ఆరయ్యాయి. గవర్రాజు అని వెల్డరు, మీ పెద్దమ్మ చేతి చేపల పులుసంటే పడిచచ్చేవాడు, పెద్దాసుపత్రిలో మనిషిని గుర్తుపట్టటం లేదు. అది విని షెడ్ల కుర్రాళ్లు మెస్సు మీద రాళ్లేశారు. రేకు చిల్లు పడింది. మా డాక్టరుగారు ఒకటే మాట అంటున్నారు: "వండేమనిషికే కామెర్లు వచ్చుంటాయి. దాచిపెట్టి వండింది." రక్తం తీసి పైకి పంపాం. ఆ రిపోర్టు ఎన్నాళ్లకొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

మీ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అప్పన్న మీదొట్టు బాబూ, నాకేటీ రాలేదు. వస్తే నాను గరిటి ముట్టుకుంతానేటి? నీకు సెప్పనేటి?"

నేను నమ్మాను. నేను నమ్మితే ఏం లాభం? ఈ జిల్లాలో కామెర్లని దాచని కొంప ఏది? ఇంటికెళ్లి అడిగితే లేవంటారు, పెరట్లో పసరు నూరిన రోలు కనిపిస్తుంది. అందుకే ఒట్లు ఎవరూ నమ్మరు. ఒక్కడు, నిజం చెప్పే ఒక్కడు దొరికితే చాలు నాకు.

వరాలికి ఉప్పూకారం అలవాటు చెయ్యి.

నీ
త్రినాథరావు

*

తగరపువలస,
1-7-1983.

శ్రీవారికి నమస్కారాలు.

ఒక్క మాట అడుగుతాను, విసుక్కోకండి. కామెర్లు ఒకరి నుంచి ఇంకొకరికి ఎన్నాళ్లకి వస్తాయి? కళ్లు పచ్చబడక ముందే అంటుతాయా? బడిలో పిల్లలకి చెప్పాలి.

గవర్రాజుకి ఎలా ఉంది? ఆ సంగతి మాత్రం తప్పకుండా రాయండి.

మీ
కామేశ్వరి

*

సీతమ్మధార,
6-7-1983.

ప్రియమైన కామేశ్వరికి,

ఇంత పొట్టి ఉత్తరం నువ్వు ఎప్పుడూ రాయలేదు. పిల్లల పరీక్ష పేపరులా రెండు ప్రశ్నలు పారేశావు. సరే, జవాబులు రాస్తున్నాను, మార్కులు వెయ్యి.

నువ్వడిగిన రోజునే ఢిల్లీ నుంచి కొత్త కార్డులు వచ్చాయి. పాతవాటిలో ప్రశ్నే తప్పట! ఈ జబ్బు ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు వారాల నుంచి ఏడు వారాలు పడుతుందట. ఎక్కువమందికి నెల. కళ్లు పచ్చబడక ముందు వారం పది రోజులే బాగా అంటుతుంది, విరేచనంలోంచి నీళ్లలోకి. పది రోజుల్లో ఏం తిన్నారని ఇన్నాళ్లూ అందర్నీ పీక్కుతిన్నాం. అడగాల్సింది నెల కిందటి సంగతి.

గోడమీది క్యాలెండరు తీసి లెక్కపెట్టాను. మే నెల మధ్యకి వచ్చింది. సింహాచలం చందనయాత్ర రోజులు. అప్పుడు నేను కొండమీద, భక్తుల నీళ్లతొట్టెల్లో బ్లీచింగు కలిపే డ్యూటీలో ఉన్నాను. నువ్వూ వరాలూ ఆ నాలుగు రోజులూ మెస్సులోనే ఉన్నారు కదా. గుర్తు చేసుకో. ఎవరికైనా జ్వరమో, విరేచనాలో ఉన్నాయా? మీ పెద్దమ్మని అడిగితే "ఎవులికీ ఏటీ లేదు" అంది. గట్టిగా అడిగితే "నాకే వచ్చిందని రాసుకో బాబూ, గొడవొగ్గిపోద్ది" అని లోపలికి పోయింది. పాపం, విసిగిపోయింది.

ఆ మొదటి మనిషి దొరక్కపోతే ఆవిడే దాచిందని తేల్చి, ఈ 18, సోమవారం మెస్సు షెడ్డు పీకేస్తారు. ఆర్డరు టైపయిపోయింది. గవర్రాజు నిన్న కళ్లు తెరిచాడు.

నీ
త్రినాథరావు

*

తగరపువలస,
10-7-1983.

ఏమండీ,

మీరు వెతుకుతున్న మనిషి మన వరాలు.

మెస్సుకి వచ్చిన రెండో రోజే పిల్లకి ఒళ్లు వెచ్చబడింది, విరేచనాలు పట్టుకున్నాయి. ప్రయాణం పడలేదనుకున్నాం. పిల్ల బట్టలు మెస్సు బావి గట్టు మీదే ఉతికాను. గట్టు బీటలు పడి ఉంది, నీళ్లు మళ్లీ బావిలోకే దిగుతాయి. పెద్దమ్మే చేదతో నీళ్లు తోడి పోసింది. ఇంటికొచ్చిన మూడో రోజున పిల్ల కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

అత్తయ్య ఆనందపురం తీసుకెళ్లి పసరు పోయించారు. నలభై రోజులు చప్పిడి పత్యం. "మందు సంగతి మగోడి సెవిన పడితే మందు పట్టదు" అన్నారు. పంతులమ్మనై ఉండి అది నమ్మానని చెప్పటానికి సిగ్గుగా ఉంది. కానీ పిల్ల విషయంలో అది నిజమైతేనో అని భయం వేసింది. మీరు తిడతారని ఇంకో భయం. రెండూ కలిసి నా నోరు నొక్కేశాయి.

మీ మొదటి ఉత్తరం చదవగానే వరాలే గుర్తొచ్చింది. కానీ పది రోజులని రాశారు. మేం వచ్చి నెల దాటింది కదా, మన పిల్ల వల్ల కాదులే అని ఆ పది రోజులని పట్టుకుని వేలాడాను. మొన్నటి ఉత్తరంతో ఆ ఆసరా కూడా పోయింది.

అక్కడ రాళ్లు పడాల్సింది నా మీద. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

కామేశ్వరి

*

సీతమ్మధార,
13-7-1983.

కామేశ్వరికి,

ప్రియమైన అని రాయటానికి ఇవాళ చెయ్యి రావటం లేదు. నీ ఉత్తరం చింపేశాను. తర్వాత నేల మీద కూర్చుని ముక్కలన్నీ అతికించాను.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. ఆ మాట నాకోసమే పుట్టినట్టుంది. అందరి పెరళ్లలో రోళ్లు చూసిన మొనగాణ్ణి, నా భార్య "చప్పిడి" అని రాస్తే కారం అలవాటు చెయ్యమన్నాను!

సాయంత్రం మీ పెద్దమ్మ దగ్గరికెళ్లాను. తాళం వేసిన మెస్సు ముందు అరుగు మీద కూర్చుని ఉంది. "వరాలికి విరేచనాలయ్యాయని నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. అప్పుడంది, "సెప్తే నువ్వు దాన్నొగ్గేస్తావేమోనని బయమేసింది బాబూ. మెస్సు పోతే నాను నాలుగిళ్లల్లో అంట్లు తోముకు బతుకుతాను. దాని కాపరం పోతే నానేటి సేస్తాను?"

కామేశ్వరీ, ఆవిడకి అంతా తెలుసు. నేను తాళం వేస్తుంటే చూస్తూ నిలబడింది.

మొదటి కార్డు నింపి దీనితో పంపుతున్నాను. పేరు: వరహాలమ్మ. వయసు: నాలుగు. తండ్రి: శానిటరీ ఇన్‌స్పెక్టరు. వైద్యం: పసరు. అడుగున "సమాచారం ఇచ్చినవారు" అని ఒక గడి ఉంది, అది ఖాళీగా వదిలాను. చూసింది నువ్వు, అందుకని అక్కడ నేను సంతకం పెట్టకూడదు. నువ్వు పెడితే నాకు మెమో వస్తుంది. నీ బడిలోనూ తెలుస్తుంది, ఊళ్లోనూ తెలుస్తుంది. పెట్టకపోతే సోమవారం మెస్సు షెడ్డు లేచిపోతుంది. ఆదివారం సాయంత్రంలోగా కార్డు డాక్టరుగారి చేతిలో ఉండాలి. నిన్ను బలవంతపెట్టను.

పిల్ల కళ్లు ఇప్పుడు తెల్లగా ఉన్నాయా? అది రాయటం మర్చిపోయావు.

త్రినాథరావు

*

తగరపువలస,
16-7-1983, శనివారం.

ప్రియమైన మీకు,

పోస్టుని నమ్మలేక ఈ కవరు బస్సు డ్రైవరు తాతబాబుకి ఇచ్చి పంపుతున్నాను. కార్డు లోపలే ఉంది, సంతకం పెట్టాను. మీకు చెప్పేశానని తెలిసి అత్తయ్య మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. కానీ సంతకం పెడుతుంటే దీపం దగ్గరికి జరిపారు.

వరాలి కళ్లు తెల్లగా ఉన్నాయి. నిన్న ఆవకాయ కోసం ఏడిస్తే కలిపి పెట్టాను.

ఇంకో సంగతి. ఇవాళ బడిలో కామెర్లు ఎవరికొచ్చాయని అడగలేదు. అడిగితే ఎవరు చెబుతారు? "ఇంట్లో చప్పిడి పత్యం తింటున్నవాళ్లు చెయ్యెత్తండి" అన్నాను. ముప్పై నాలుగు మంది పిల్లలు, ఒక్క చెయ్యి లేవలేదు. ముందు బెంచీలో కాంతం మెల్లగా అడిగింది, "సెప్పేస్తే మందు పట్టదు కదా టీచరమ్మా?"

"మా వరాలు కూడా మొన్నటిదాకా చప్పిడే తింది. నేను చెప్పేశాను. దానికి తగ్గిపోయింది" అన్నాను.

కాంతం చెయ్యెత్తింది. తర్వాత ఒక్కొక్కటే లేచాయి. మొత్తం తొమ్మిది.

సోమవారం సెలవు పెట్టాను. పొద్దున్నే మొదటి బస్సుకి వస్తాను. మీరు తాళం తీసేసరికి నేను పెద్దమ్మ పక్కన ఉంటాను. బావిలో బ్లీచింగు మీరు వెయ్యండి, గట్టుకి సిమెంటు పూసేదాకా నేను అక్కడి నుంచి కదలను. రాళ్లేసిన కుర్రాళ్లు వస్తే, ఎవరి పిల్లో నేనే చెబుతాను.

కార్డులు తొమ్మిది కావాలి. మర్చిపోకుండా తెచ్చిపెట్టుకోండి.

మీ
కామేశ్వరి