తేదీ చెప్పకుండా రక్తం తీయించుట గురించి

కాటన్‌పేట,
బెంగళూరు.

బట్టల వర్తకుల సంఘం ఆరోగ్య శిబిరం వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అన్న కూతురు చి. దివ్య (15 ఏళ్లు)కు పరగడుపున ఇన్సులిన్ పరీక్ష చేయించుట; ఆ తేదీ మా ఇంటికి తెలియనీయకుండుట.

1. సదరు సంఘానికి నేను కార్యదర్శిని. శిబిరం తేదీ ఏటేటా ముందుగా నాకే తెలియును. తెలిసిన దినము నుండి మా ఇంట పథ్యం. వారం పాటు రాగిసంగటి, ఆకుకూర; తీపి బంద్. రక్తం ఇచ్చి వచ్చిన పూటే ఒబ్బట్లు. ఈ ఆనవాయితీ పెట్టినవాడిని నేనే.

2. ఈ విధముగా మా అన్న చిన్నప్పకు ఆరేళ్లు వరుసగా షుగర్ నార్మల్ అని వచ్చినది. ఏడో ఏట అంగడిలో బట్ట కొలుస్తూ గుండె పట్టుకొని కూలబడి, రెండు దినములు ఆస్పత్రిలో ఉండి చనిపోయినాడు. వయసు నలభై నాలుగు. "షుగర్‌ను నిలబెట్టడానికి ఒళ్లు ఏళ్ల తరబడి ఇన్సులిన్ అతిగా పోస్తా వచ్చింది. మీరు చూసింది షుగర్ ఒక్కటే" అని అక్కడి డాక్టరు చెప్పినారు.

3. ఈ ఏడు దివ్య మెడ వెనుక చర్మం నల్లబడి మందమైనది. మురికి అనుకొని మా వదిన శాంతమ్మ శనగపిండితో రుద్ది రుద్ది పుండు చేసినది. ఇన్సులిన్ ఎక్కువైనవారికి అట్లు రావచ్చునని ఆ డాక్టరే చెప్పియున్నారు. మా అన్న మెడ కూడా అటులే ఉండెను. ఎండకు అనుకొంటిమి.

4. పాప మెడ నల్లబడకమునుపే, పోయిన ఏటి శిబిరంలో ఈ పరీక్ష అడుగగా తమ నర్సు, "పాపకు షుగర్ నార్మలే ఉండాది కదప్పా. ఎక్కినప్పుడు చూద్దాంలే" అన్నది. ఎక్కేదాకా చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. ఒకసారి కూర్చున్నాను.

5. రాబోవు ఆదివారం శిబిరమని మా వదినకు ఎట్లో తెలిసిపోయినది. నిన్నటి నుండి పాపకు సంగటే. వద్దంటే, "రిపోర్టు చెడితే నేను బతకనప్పా" అని ఏడ్చినది. ఆమెను ఏమీ అనలేను. నేర్పింది నేను.

కావున ఆదివారం శిబిరం రద్దని బోర్డు పెట్టించి, పాప మామూలుగా తినసాగిన పిమ్మట, ఒక ఉదయం చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చి, ఆమె కాఫీ తాగకమునుపే రక్తం తీయించవలెను. తేదీ నాకు సైతం చెప్పవద్దు. నా నోటి మీద నాకు నమ్మకం లేదు.

ఇందలి భయమును చిత్తగించి తక్షణం ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయుడు,
జి. దేవరాజ్,
కార్యదర్శి.

తా.క.: కవరు అంటిస్తుండగా దివ్య వచ్చింది. "చిన్నాయనా, నార్మల్ రాకపోతే నేనూ నాయన మాదిరి..." అని ఆగిపోయింది. "అట్లేం కాదు పాపా" అన్నాను. నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా స్కూలుకు పోయింది. డాక్టరుగారూ, బోర్డూ వద్దు, ఉత్తర్వూ వద్దు. రెండు దినాల సంగటి ఏం దాచిపెడుతుంది లెండి. రేపు పొద్దున్నే వచ్చేయండి.