తాడు కట్టే టైము

సెప్టెంబరు 2, బాపట్ల
కొత్త ప్రాజెక్టు, ఇంటి నుంచే పని. పోర్టుకు వచ్చే ఆయిల్ ట్యాంకరు ఓడకి దారిలో ఇంజన్ ఆగిపోతే, వెంట ఉన్న టగ్ (తాడుతో ఓడల్ని లాగే చిన్న ఓడ) దాన్ని ఒడ్డుకు కొట్టుకుపోకుండా ఆపగలదా? కంప్యూటర్లో నడిపి చూసి చెప్పాలి. టగ్ ఒకటి చాలా, రెండు కావాలా? ఆ పోర్టు టగ్ మీదే తమ్ముడు ఆకాష్ డ్యూటీ. ఆఫీసులో చెప్పలేదు.

సెప్టెంబరు 9
ట్యాంకరుకి తాడు కట్టడానికి ఎంతసేపు పడుతుందో ఎక్కడా డేటా లేదు. నాన్నని అడిగాను. ముప్ఫై ఏళ్లు టగ్గుల మీదే పనిచేశాడు. మంచం మీద లేచి కూర్చుని మరీ చెప్పాడు. పదిహేను నిమిషాలట. ఈ దేవదానం చెయ్యి పడితే అంతకు మించదని తన గురించి తనే చెప్పుకున్నాడు. రిటైరయ్యాక ఆయన్ని పని గురించి ఎవరూ అడగలేదు. 15 అని టైప్ చేశాను.

సెప్టెంబరు 20
కంప్యూటర్లో వందసార్లు నడిపాను. వందసార్లూ టగ్ ట్యాంకరుని ఆపింది. ఒక టగ్ చాలు. మేనేజరు గౌతమ్ గారు తెనాలి నుంచి ఫోన్ చేసి మెచ్చుకున్నారు. రిపోర్టు పోర్టుకు వెళ్లిపోయింది.

అక్టోబరు 13, ఆదివారం
చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చున్నాం. ట్యాంకర్ల వెంట వెళ్లే రెండో టగ్ తీసేశారని ఆకాష్ చెప్పాడు. నాన్న తన పదిహేను నిమిషాల గొప్ప మళ్లీ ఎత్తుకున్నాడు. ఆకాష్ నవ్వాడు. అది సముద్రం కదలని రోజు మాటట. గాలి లేస్తే నలభై పడుతుందట. నాన్న అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

సాయంత్రం 4
40 పెట్టి నడిపాను. వందలో ముప్ఫై ఎనిమిది సార్లు ట్యాంకరు రేపల్లె వైపు ఒడ్డెక్కింది. ఆరుసార్లు టగ్ బోల్తా పడింది.
గాలి ఉన్నప్పుడో అని ఆ రోజే నాన్నని ఒక్క మాట అడగాల్సింది. ఆయన మొహం అంత వెలిగిపోతుంటే అడగబుద్ధి కాలేదు. నాదే తప్పు.

అక్టోబరు 14
గౌతమ్ గారికి అంతా చెప్పాను. తిట్టినా బాగుండేది. కాంట్రాక్టు అయిపోయిందట, మెయిల్ పెట్టొద్దమ్మా అన్నారు. నేరుగా పోర్టుకే పెట్టాను.

నవంబరు 6
మూడో మెయిల్‌కి జవాబొచ్చింది. నోటెడ్. అంతే.

నవంబరు 10
ఆ టగ్ దిగిపొమ్మని ఆకాష్‌ని బతిమాలాను. తను దిగితే ఇంకొకడు ఎక్కుతాడు కదక్కా అన్నాడు.

డిసెంబరు 3, పగలు 11.20
పొద్దుటి నుంచి ఒకటే గాలి. ఆకాష్ మెసేజ్: ట్యాంకరు ఇంజన్ ఆగింది, తాడు కడుతున్నాం. నాన్న వాచీ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

11.52
ముప్ఫై రెండు నిమిషాలైంది. ఇంకా పద్నాలుగే అయిందంటున్నాడు నాన్న.