చూపు తప్పించినవాడు

ప్రియమైన నాన్నకు,

డాక్టరమ్మ ఆఫీసులో నువ్వు ముప్పై ఏళ్ళు టైపు కొట్టిన గదిలోనే కూర్చుని రాస్తున్నాను. నీ కుర్చీకి ఇంకా ఒక కాలు పొట్టిదే. నిందితుల మనసు పరీక్షించి కోర్టులో సాక్ష్యం చెప్పిన మొట్టమొదటి డాక్టరమ్మ దగ్గర చదువుకుంటున్నానని మొన్నటిదాకా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. సన్మాన సంచిక కోసం ఆవిడ పాత నివేదికలన్నీ చదవమన్నారు. చదివాను.

నలభై ఒక్క నివేదికల్లో ఒకటే వాక్యం: "నేరం ప్రస్తావించగానే చూపు తప్పించాడు, మనసు స్థిమితంగానే ఉన్నది." మొదటిసారి చదివినప్పుడు ఎంత బాగుందో అని నోట్సులో ఎక్కించుకున్నాను కూడా. పదిహేడో నివేదిక ఒక బుట్టలల్లేవాడిది. నిన్న జైలుకు వెళ్ళి చూశాను. పద్నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. "బావిలోంచి మా అమ్మ పిలుస్తోంది, మూత తీయండమ్మా" అని గోడను బతిమాలుతున్నాడు. అతను ఉండాల్సింది ఆస్పత్రిలో. వార్డరు నవ్వాడు: "వీడి చూపు ఎటు తప్పిందో మీ డాక్టరమ్మనే అడగండి."

రేపు అడుగుతాను. నువ్వు నేర్పిన మాటలతోనే.

నీ పుస్తకాల పురుగు

*

నాన్నగారికి,

అడిగాను. ఆవిడ కనీసం తడబడలేదు.

"పోలీసులు రోజుకు పదిమందిని పంపేవాళ్ళు. అందరినీ చూస్తూ కూర్చుంటే ఈ శాఖ పుట్టేదే కాదు. పోలీసు కాగితం చదివి టిక్కు పెట్టేదాన్ని, మిగతాది మీ నాన్న నింపేవాడు. మాటకారి కదా. ఆ చూపు వాక్యం అతనిదే. జడ్జీలకు మహా ఇష్టం."

చిన్నప్పుడు నేను పలక పగలగొట్టి తల దించుకుంటే, "చూపు తప్పించావంటే తప్పు చేసినట్టే" అని గడ్డం పట్టుకుని నవ్వేవారు మీరు. మాటల మీద నాకు మోజు పుట్టింది అక్కడే. ఇప్పుడు అది గుర్తొస్తే నోరు కడుక్కోవాలనిపిస్తోంది. ఆవిడ చూడకుండా టిక్కు పెట్టింది. మీరు చూడనిది చూసినట్టు రాశారు, పైగా అందంగా రాశారు. దొందూ దొందే.

కేసు తిరగదోడమని అర్జీ నేనే రాశాను. ఒక్క అలంకారం లేదు. సాక్షిగా మీ పేరు పెట్టాను. సోమవారం పదింటికి కోర్టుకు రండి. బుట్టలల్లేవాడి ఎదురుగా నిలబడి, ఆ వాక్యం ఎవరిదో చెప్పండి. మీరు చూపు తప్పించినా అతనికి తెలియదు.

నేను పక్కనే ఉంటాను.

మీ కూతురు