అబూ చైత్ర

అక్టోబరు 7, మంగళవారం

జెద్దాలో ఎండ ఇంకా తగ్గలేదు. పొద్దున హాలు నిండా డైరెక్టర్లు, జనరల్ మేనేజర్లు. ఏఐని ఆఫీసు పనిలో ఎలా వాడాలో వాళ్ళకి చెప్పడం నా పని. ఒకాయన — "ఇది నా బదులు మీటింగుల్లో కూర్చుంటుందా?" ఇంకొకాయన — "నా కింద ఎవర్ని తీసెయ్యాలో చెప్తుందా?" ఏ కంపెనీకి వెళ్ళినా ఇవే రెండు ప్రశ్నలు. నవ్వుతూ జవాబు చెప్పాను. నవ్వకపోతే మళ్ళీ పిలవరు.

మధ్యాహ్నం అబూ యాసిర్ గది. ఈ కంపెనీ పెట్టిన పెద్దాయన. ఆయనొక్కడికే వారానికో గంట పాఠం. నన్ను చూడగానే లేచి చెయ్యి పట్టుకున్నాడు — "కైఫ్ హాలక్, యా అబూ చైత్ర?" చైత్ర వాళ్ళ నాన్నా, ఎలా ఉన్నావు. ఇక్కడి పెద్దవాళ్ళు మనిషిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు.

"చైత్ర ఎలా ఉంది? స్కూలుకి వెళ్తోందా?"

వెళ్తోందన్నాను.

అక్టోబరు 8

రాయకూడదనుకుని కూడా రాస్తున్నాను... ఈ వేసవిలో సెలవుకి కాకినాడ వెళ్ళేటప్పుడు ముగ్గురం. తిరిగి వచ్చేటప్పుడు నేనూ సరితా, ఇద్దరం. జ్వరం అన్నారు, డెంగ్యూ అన్నారు, ఐసీయూ అన్నారు. ఆపైన ఎవరూ ఏమీ అనలేదు.

వచ్చాక మొదటి పాఠం రోజునే పెద్దాయనకి చెప్పాను. ఆయన చైత్రని చూశాడు — ఫిబ్రవరిలో ఒకసారి ఆఫీసుకి తీసుకొస్తే తన కుర్చీలో కూర్చోబెట్టి గుప్పెడు ఖర్జూరాలు ఇచ్చాడు. విషయం వినగానే నన్ను పట్టుకుని ఏడ్చాడు. మా బంధువుల్లో కూడా ఎవరూ అలా ఏడవలేదు. తర్వాతి మంగళవారం — "చైత్ర ఎలా ఉంది?" మళ్ళీ చెప్పాను. మళ్ళీ అంతే ఏడ్చాడు, అప్పుడే మొదటిసారి విన్నట్టు. ఆ పై వారం కూడా అదే అడిగాడు. "బాగుంది" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. పోనీలే, పెద్దాయన్ని ఏడిపించడం ఎందుకు అనుకున్నాను.

అది ఆయన కోసమేనా? కాదు.

అక్టోబరు 14, మంగళవారం

పెద్దాయనంత శ్రద్ధగా నేర్చుకునే డైరెక్టరు నాకు తగల్లేదు. మిగతావాళ్ళు పుట్టినరోజు సందేశాలు రాయించుకుని మురిసిపోతారు. ఈయన పొద్దున్నే ఏఐ అసిస్టెంటుని అడుగుతాడు — నిన్న ఏయే ఉత్తరాలు వచ్చాయి, ఇవాళ ఎవరు వస్తున్నారు, వాళ్ళు నాకు ఎలా తెలుసు, కిందటిసారి ఏం మాట్లాడుకున్నాం. ప్రతి ఒక్కరి గురించీ దానికి చెప్పి పెడతాడు. క్లాసుల్లో ఈయన్నే ఉదాహరణగా చెప్పేవాణ్ణి. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, చూసి నేర్చుకోండి అని. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఎందుకంత శ్రద్ధో ఇప్పుడు తెలుసు. ఇక ఉదాహరణ చెప్పడం మానేశాను.

వరండాలో మస్తాన్ వలి ఆపాడు. కడప మనిషి, పెద్దాయన సెక్రటరీ, ఇక్కడే జుట్టు నెరిసింది. గొంతు తగ్గించి — "మీకు తెల్సిపోయిందని నాకు తెల్సు సార్. యాసిర్ సారుకు మాత్రం చెప్పద్దండి. కొడుకు కదా, ప్రేమతోనే ఇంట్లో కుచ్చోబెడతాడు. కుచ్చున్నాడంటే మనిషి మిగల్డు సార్."

చెప్పనన్నాను. మస్తాన్ కళ్ళు తుడుచుకున్నాడు. నన్ను మంచివాణ్ణి అనుకున్నాడు, పాపం.

అక్టోబరు 17, శుక్రవారం

సరితతో కూరగాయలకి. దారిలో స్నేహితులు రాజుగారింటికి వెళ్ళాం. మేం లోపలికి వెళ్ళగానే రాజుగారి భార్య తన పిల్లల్ని పక్క గదిలోకి పంపేసింది. మంచి ఉద్దేశమే. గోడ అవతల వాళ్ళు గొడవపడుతుంటే సరిత టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది.

ఆ పేరు ఇంట్లో మేం అనం. స్నేహితులు అనరు. కాకినాడ నుంచి ఫోన్ చేస్తే అన్నం తిన్నారా అంటారు తప్ప అనరు. ఈ దేశంలో, ఆ దేశంలో ఆ పేరు గట్టిగా పలికే మనిషి ఒక్కడే. మంగళవారం కోసం ఎదురుచూస్తున్నాను. సిగ్గుగా ఉంది.

అక్టోబరు 21

రెండో తరగతిలో టీచరు మంచిదేనా అని పెద్దాయన అడిగాడు. మంచిదే అన్నాను. పేరేమిటన్నాడు. శాంత టీచర్ అన్నాను. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆయన వెంటనే అసిస్టెంటుకి చెప్పి పెట్టుకున్నాడు — అబూ చైత్ర, కూతురు బాగుంది, టీచరు శాంత. నేను నిజం చెప్పిన ఆ రెండు వారాల్లో ఆయన ఏదీ చెప్పి పెట్టుకోలేదు. ఇప్పుడు ఆ యంత్రం దృష్టిలో కూడా నా కూతురు రెండో తరగతి చదువుతోంది.

అక్టోబరు 28, మంగళవారం

ఉత్తరాలకి జవాబులు రాయించడం ఇవాళ్టి పాఠం. రాబిగ్ ఊళ్ళో కంపెనీ కడుతున్న సైటు నుంచి ఇంజినీరు రాసింది తీశాం — పని మళ్ళీ మొదలుపెట్టమంటారా? అసిస్టెంటు మర్యాదగా జవాబు తయారుచేసింది, మొదలుపెట్టండి అని. ఆయన చదివాడు, తల ఊపాడు, పంపాడు. ఏ బటన్ నొక్కాలో నేనే చూపించాను. షాబాష్ అని కూడా అన్నాను.

అక్టోబరు 30

రాబిగ్‌లో పరంజా కూలింది. శ్రీకాకుళం మనిషి పైనుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు.

నవంబరు 2, ఆదివారం

విషయం మస్తాన్ చెప్పాడు. ఆ పరంజా గొట్టాలు తుప్పు పట్టాయని విని, పని ఆపమని పెద్దాయనే ఫోన్లో ఆర్డరు వేశాడట, నా పాఠానికి రెండు రోజుల ముందు. ఫోన్లో చెప్పింది అసిస్టెంటుకి ఎలా తెలుస్తుంది? దానికి చెప్పిందే తెలుస్తుంది — ఈ ముక్క ప్రతి క్లాసులో చెప్తాను, స్లైడు కూడా ఉంది. ఆయన చెప్పలేదు. అప్పటికే ఆయనకి గుర్తులేదు.

నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

నవంబరు 4, మంగళవారం

పాఠం జరగలేదు. పెద్దాయన బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "నేను ఆపమన్నాను, అబూ చైత్ర. నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ ఉత్తరం నేను పంపలేదు. నా మెయిలు తెరిచేది మస్తాన్ ఒక్కడే. ఇన్నేళ్ళు కొడుకులా చూశాను... ఎందుకు చేశాడు?" కళ్ళలో నీళ్ళు. అబద్ధం కాదు అది. ఆ పూట గుర్తులేని ఆర్డరు ఇప్పుడు తిరిగొచ్చింది, పంపింది మిగల్లేదు.

మీరే పంపారు, నేను చూశాను — అందామని నోరు తెరిచాను. ఆయన "చైత్ర ఎలా ఉంది?" అన్నాడు.

బాగుందన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నవంబరు 5

మస్తాన్‌కి ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు, అంటే ఉద్యోగం తీసి దేశం పంపేసేవి, తయారవుతున్నాయి. మంగళవారం యాసిర్ సంతకం పెడతాడట. తెల్లారి మొదటిసారి నేనే మస్తాన్ దగ్గరికి వెళ్ళాను. నిజం ఎందుకు చెప్పవు, నిన్ను పంపేస్తున్నారు కదా అన్నాను.

"ఏం చెప్పేది సార్? పెద్దాయనకు తెలివి పోయిందని నా నోటితో నేను చెప్పాల్నా? ఆయన నా మీద కోపంతో చెప్పల్యా. ఆయనకు గుర్తు లేదంతే." బల్ల మీది ఫైళ్ళు సర్దుతూ — "మా చిన్నదానికి పన్నెండో క్లాసు పరీక్షలు ఈడనే ఉండాయి సార్. అదొక్కటే బాధ."

నవంబరు 6, గురువారం

యాసిర్ గదికి వెళ్ళాను. చెడ్డవాడు కాదు. కాఫీ తనే పోసి ఇచ్చాడు. తప్పు మస్తాన్‌ది కాకపోతే మీ యంత్రానిదా అన్నాడు. కాదు, ఉత్తరం మీ నాన్నగారే పంపారు, నా ఎదుటే పంపారు అన్నాను.

"మా నాన్న అబద్ధం ఆడుతున్నాడంటారా?"

"లేదు. ఆయనకి గుర్తుండటం లేదు. కొంతకాలంగా..."

యాసిర్ నవ్వాడు. "మా నాన్నకా? మొన్న భోజనాల దగ్గర మీ గురించే చెప్పాడు. మీ అమ్మాయి పేరు చైత్ర. రెండో తరగతి. టీచరు పేరు శాంత. నా పిల్లల టీచర్ల పేర్లు నాకే తెలియవు. పరాయివాడి బిడ్డ టీచరు పేరు చెప్పే మనిషికి మతిమరుపా?"

చెప్పాల్సింది ఒక్క వాక్యం. మా అమ్మాయి జూలైలోనే పోయింది, మీ నాన్నగారికి రెండుసార్లు చెప్పాను. అంతే. అది చెప్తే ఆయన నమ్ముతాడు. మస్తాన్ ఉంటాడు. రేపు ఇంకో పరంజా కూలదు.

కాఫీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. ఈ ఊళ్ళో నేను ఆ మాట పూర్తిగా నా నోటితో అన్నది ఆ ముసలాయన ముందే. చెప్పానంటే ఆయన్ని ఇంటికి పంపేస్తారు. ఆ గది ఉండదు. నా బిడ్డని ఎలా ఉందని అడిగేవాళ్ళు ఉండరు.

"నమ్మదగిన మాట ఒక్కటుంటే మంగళవారం లోపల చెప్పండి" అని యాసిర్ గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

నవంబరు 7, శుక్రవారం

సరితకి అంతా చెప్పేశాను. వంటింట్లో, ఆవిడ బెండకాయలు తరుగుతుంటే. బాగుందని చెప్తున్నానని, రెండో తరగతని, టీచరు పేరుతో సహా. తిడుతుందనుకున్నాను. కత్తి కింద పెట్టి గోడవైపు తిరిగింది.

"ఏం పేరు చెప్పారు?"

"శాంత టీచర్ అని..."

"శాంత టీచరు హైస్కూలుకి చెప్తుంది. రెండో క్లాసుకి రెహానా మేడమ్. జూన్లో పుస్తకాలకి వెళ్ళినప్పుడే చైత్ర అడిగి తెలుసుకుంది."

ఆ పేరు ఆవిడ నోటివెంట విని ఎన్నాళ్ళైందో. ఇద్దరం వంటింట్లో కింద కూర్చుండిపోయాం. ఏడ్చాం. ఆసుపత్రిలో కూడా ఇలా కలిసి ఏడవలేదు.

తర్వాత, ముఖం కడుక్కుని వచ్చి — "ఆయన అడిగేది నేనూ ఒక్కసారి వినాలండీ. నన్ను తీసుకెళ్ళండి."

నవంబరు 9

మస్తాన్ సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. ఫోన్లో భార్యకి ఉర్దూలో ధైర్యం చెప్తున్నాడు. నన్ను చూసి టీ తెప్పించాడు.

నవంబరు 11, మంగళవారం

ఆఫీసు కింద, కార్లోంచి రాస్తున్నాను. సరిత పక్క సీట్లో ఉంది. జూలై తర్వాత ఇవాళే కాటుక పెట్టుకుంది.

మీరు చెప్పలేరు, యాసిర్‌కి నేనే చెప్తాను అని దారంతా అంటూ వచ్చింది. మస్తాన్ గారి అమ్మాయికి పరీక్షలండీ అంది. నిజమే, ఆవిడకి నాకంటే ధైర్యం ఎక్కువ. ఇక్కడికి వచ్చి ఆగాక గొంతు మారింది.

"ముందు పెద్దాయన దగ్గరికి వెళ్దాం. ఒక్క పది నిమిషాలు. తర్వాత ఎటూ ఆయన్ని పంపేస్తారు కదా."

సరే అన్నాను.

"ఎలా ఉందని నన్నే అడిగితే?"

"బాగుందని చెప్పు."

"చెప్తాను. రెండో క్లాసని చెప్తాను, రెహానా మేడమని చెప్తాను." చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "అలా చెప్పి బయటికొచ్చి, పక్క గదిలోకి వెళ్ళి, లేదని చెప్పాలి. చెప్పగలనంటారా?"

నాకు తెలియదు. తెలిసుంటే గురువారమే చెప్పేవాణ్ణి.

మస్తాన్ వలి మా కారు చూసినట్టున్నాడు. అద్దాల తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. సరిత సీటుబెల్టు తీసేసింది. నేనింకా తీయలేదు.